వకీలుగారు సంతకం నేర్చుకున్న పుస్తకం

నన్ను గైడు పనిలోంచి రెండుసార్లు తీసేశారు. రెండుసార్లూ ఒకే ఇంట్లోంచి. మొదటిసారి చదవడం రానందుకు, రెండోసారి చదివినందుకు.

మా చర్చికి వచ్చే ఎం.ఎస్. పిల్లలకు ఈ మాట చెబితే నవ్వి, "ఆంటీ, మొత్తం చెప్పండి" అంటారు. సగం చెప్పేసరికి ఒకరికి షిఫ్ట్ టైమ్ అవుతుంది, ఇంకొకరికి ఇంటర్వ్యూ కాల్ వస్తుంది. అందుకే రాస్తున్నాను. రాసింది ఎక్కడికీ పోదు, మీకు తీరిక దొరికేదాకా పడి ఉంటుంది.

అమెరికాలో మేముండే ఎడిసన్ నుంచి గంటసేపు కార్లో వెళ్తే ఒక చిన్న ఊరు, అందులో తెల్లరంగు చెక్క ఇల్లు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ ఇంట్లో ఒక వకీలు ఉండేవాడు. కోర్టులో పేరు తెచ్చుకుని, ఎన్నికల్లో గెలిచి రాష్ట్ర శాసనసభకు వెళ్లాడు. పేదపిల్లలకు ఉచితంగా బడులు పెట్టాలని సభలో కొట్లాడాడు. పెద్దతనంలో నవలలు రాశాడు. ఇప్పుడా ఇల్లు మ్యూజియం. శనివారాలు జనం టికెట్ కొనుక్కుని వస్తారు. గైడు ఒక్కో గదీ తిప్పుతూ ఆయన జీవితం చెప్పాలి. ఆయన పేరు రాయను. ఇందులో ఎవరి పేరూ రాయను. బతికున్నవాళ్లకు కోపాలుంటాయి, చచ్చిపోయినవాళ్లకు బంధువులుంటారు.

నేను ఆ ఇంట్లో నేలలు తుడవడానికి చేరాను. మా చెల్లెలు ఇక్కడ నర్సు. తను కాగితాలు వేసి నన్ను రప్పించుకునేటప్పటికి నాకు నలభై ఆరేళ్లు. అంతకుముందు ఒంగోలు వైపు పొగాకు గ్రేడింగులో పనిచేశాను. ఆకు రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే ఏ రకమో చెప్పేదాన్ని. కంపెనీ గేటు మీద ఏం రాసుందో మాత్రం తెలిసేది కాదు. హాజరు పుస్తకం దగ్గర రెండు వరసలు ఉండేవి. సంతకం చేసేవాళ్ల వరస చకచకా కదిలేది. మా వరసలో ఇంకు ప్యాడు, వేలు తుడుచుకోవడానికి ఒక మసిగుడ్డ. అమెరికాలో దిగిన రోజున ఎయిర్‌పోర్టులో వేళ్లు గాజు పలక మీద పెట్టమన్నారు. నా వెనక సూటు వేసుకున్న ఆయనా పెట్టాడు. అది చూసి నా ప్రాణం కుదుటపడింది. బయటికొచ్చి చెల్లెలితో, "ఈ దేశంలో అందరిదీ మా వరసేనే" అన్నాను. "అక్కా, కాస్త మెల్లగా" అంది.

ఇంగ్లీషు మాట్లాడటం చెవితో వచ్చింది. చెవి నాకు మొదట్నుంచీ పదును. మా అమ్మకూ నాకూ అక్షరం ముక్క రాదు కానీ, చర్చిలో పాడే కీర్తనలు ఒక్కటి తప్పకుండా వచ్చు. పల్లవి పట్టుకుంటే చరణాలు వాటంతటవే వరసన వస్తాయి. పక్కవాళ్లు ఏమనుకుంటారోనని పాటల పుస్తకం చేతిలో తెరిచి పెట్టుకునేదాన్ని. ఎవరైనా పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని.

మ్యూజియంలో ఒక ముసలి గైడు ఉండేవాడు, రైల్వేలో రిటైరైన తెల్లాయన. ఆయన ముందు నడుస్తూ కథ చెబుతుంటే నేను వెనకాల బకెట్‌తో వెళ్లేదాన్ని. నాలుగేళ్లు విన్నాను. వకీలుగారి జీవితం నాకు కీర్తనలాగే పట్టుబడింది. హాలు పల్లవి. భోజనాల గది మొదటి చరణం, ఆఫీసు గది రెండోది, మెట్లెక్కితే మూడూ నాలుగూ. ఒక శనివారం ఆ ముసలాయన మోకాలి ఆపరేషన్‌కి వెళ్లాడు. బస్సు నిండా జనం దిగారు. డైరెక్టరమ్మ, అంటే ఆ ఇంటి మంచీ చెడ్డా చూసే ఆవిడ, టికెట్ల డబ్బు వాపసు ఇవ్వబోతోంది.

"నేను చెబుతాను" అన్నాను.

"మీరా?"

"నేనే. ఒక గది విని చూడండి. నచ్చకపోతే బకెట్ ఇక్కడే ఉంది."

అన్ని గదులూ చెప్పాను. ముసలాయన ఎక్కడ జోకు వేసేవాడో అక్కడ వేశాను, ఎక్కడ దగ్గేవాడో అక్కడ ఆగాను. జనం చప్పట్లు కొట్టారు. వచ్చే వారం నుంచి శనివారాలు నన్నే చెప్పమన్నారు. చదవడం వచ్చా అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మూడేళ్లు నడిచింది.

ఆ తర్వాత ఒక చలికాలం ఇల్లు మూసి, గాజుపెట్టెల్లోని పాత కాగితాలు మార్చారు. ఎప్పుడూ ఒకే కాగితం వెలుతురులో ఉంటే పాడైపోతుందట. కొత్త కాగితం పెట్టి, పక్కన కొత్త కార్డు కూడా పెట్టారు. తెరిచిన మొదటి శనివారం నేను ఆఫీసు గదిలో పెట్టె ముందు నిలబడి, రెండో చరణంలో ఉన్నట్టే, చెయ్యి చాపి గంభీరంగా చెప్పాను: "ఈ కాగితంతోనే ఆయన పేదపిల్లల బడుల కోసం సభను కదిలించాడు."

ముందు వరసలో ఒక టీచరమ్మ వంగి చూసింది. "మేడమ్, ఇందులో చొక్కాలు మూడు, లోపలి లాగులు రెండు, మేజోళ్లు ఆరు జతలు అని ఉంది."

అది చాకలికి వేసిన బట్టల పద్దు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. పాటల పుస్తకం పేజీ తిప్పినట్టే, అలవాటు.

టూర్ అయ్యాక డైరెక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. మంచి మనిషి. నాకు తప్పించుకునే దారి తనే చూపించింది. "కళ్లద్దాలు మర్చిపోయారా?"

ఆ దారి నాకు కొత్త కాదు. ఆస్పత్రిలో, బ్యాంకులో, బస్టాండులో ఎన్నోసార్లు అటే పోయాను. ఆ రోజు ఎందుకో ఒళ్లు మండింది.

"కళ్లు బాగానే ఉన్నాయమ్మా. చదువు రాదు" అన్నాను.

సంగతి మ్యూజియం బోర్డు చైర్మన్ దగ్గరికి వెళ్లింది. ఆయనది వకీలుగారి తమ్ముడి వంశం. ఆయన కూడా వకీలే. వకీలుగారి మీద చిన్న పుస్తకం కూడా రాశాడు. "రచయిత ఇంటిని చదువురాని మనిషి చూపించడం బాగుండదు. ఆమె స్క్రిప్ట్ నా ముందు చదివిన రోజున మళ్లీ చూద్దాం" అన్నాడట. నన్ను మళ్లీ బకెట్‌కి పంపారు.

సాయంత్రం మా మరిది కార్లో తీసుకెళ్తున్నాడు, చెల్లెలు పక్కన ఉంది.

"పోనీలే అక్కా. తుడుచుకునే పని ఉందిగా. ఈ వయసులో ఎవరడిగారు నీకు గైడు పని?" అంది చెల్లెలు.

"ఎవరూ అడగలా. నేనే అడిగి తీసుకున్నా. మళ్లీ తీసుకుంటా."

మరిది అద్దంలోంచి చూశాడు. "వదినా, ఆయన చదవమన్నది ఇంగ్లీషు. ఏ బీ సీ డీల దగ్గర స్టార్ట్ చెయ్యాలి తెలుసా?"

"ఇరవై ఆరేగా? తెలుగైతే యాభై పైన. లాభమే."

లైబ్రరీలో పెద్దవాళ్లకు చదువు చెప్పే క్లాసు ఉంది, మంగళవారాలు. చెప్పే ఆవిడ పోస్టాఫీసులో రిటైరైన నల్లజాతి ఆవిడ. మొదటి రోజు, "ముందు ఏం నేర్చుకుంటారు?" అని అడిగింది.

"నా పేరు రాయడం. సంతకం."

"ఇక్కడికి వచ్చిన ప్రతి ఒక్కరూ అదే అంటారు" అంది.

నెలరోజులు నా పేరే రాశాను. ఉత్తరాల కవర్ల మీద, బియ్యం సంచుల మీద, బాత్రూమ్ అద్దం ఆవిరి మీద. రెండేళ్లు పట్టింది చదవడానికి. ఆ తర్వాత చెల్లెలు తెలుగు నేర్పింది. సొంత అమ్మ కంటే ముందు అత్తగారిని గుర్తుపట్టినట్టయింది నా చదువు. చైర్మన్ ముందు కూర్చుని స్క్రిప్ట్ పదహారు పేజీలూ వేలు పెట్టి చదివాను. ఆయన గడియారం చూసుకున్నాడు, నేను చూసుకోలేదు. శనివారాలు మళ్లీ నావయ్యాయి.

చదువు వచ్చినవాళ్లు ఊరుకోరు, నేనూ ఊరుకోలేదు. వకీలుగారి పెద్ద నవల చదివాను. ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అంటున్నాను, ఆ నవల బాగుండదు. నాయకుడు గుర్రమెక్కడానికే మూడు పేజీలు పడుతుంది. కానీ ఒకచోట నా చెయ్యి ఆగింది. అందులో ఒక దుర్మార్గుడు మంగలి షాపులో కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటిస్తాడు. పక్కవాడు నవ్వితే తనూ నవ్వుతాడు. పక్కవాడు నిట్టూరిస్తే తనూ నిట్టూరుస్తాడు. ఎవరైనా పేపరు చదివి వినిపించమంటే, దుమ్ము పడి కళ్లు మండుతున్నాయంటాడు. నాయకుడి గుర్రాన్ని చూడకుండానే రాసి ఉండొచ్చు. ఇది మాత్రం చూసి రాసింది కూడా కాదు, చేసినవాడు రాసింది.

ఆఫీసు గదిలో ఒక కాపీ రైటింగ్ పుస్తకం ఉంది. పక్కన కార్డు: "తొమ్మిదేళ్ల వయసులో రాసినది." అమ్మ ఒళ్లో చదువుకున్నానని వకీలుగారే ఎక్కడో రాసుకున్నాడు, దాన్నిబట్టి వేసిన లెక్క అది. నెలకోసారి డైరెక్టరమ్మ అందులో పేజీ తిప్పేది, నేను పుస్తకం పట్టుకునేదాన్ని. చదువు లేనప్పుడు పట్టుకుంటే గీతలు కనిపించేవి. చదువు వచ్చాక పట్టుకుంటే మనిషి కనిపించాడు.

చిన్నపిల్లల రాత గీత దాటి తిరుగుతుంది. ఇది గీత దాటలేదు. పాళీ గట్టిగా నొక్కడంతో కాగితం వెనక్కి పొడుచుకొచ్చింది. ప్రతి అక్షరం దగ్గరా ఆగి ఆలోచించినచోట సిరా చుక్క పడింది. పైగా ఏడు పేజీల నిండా ఒక్కటే రాత. ఆయన పేరు. సంతకం, సంతకం, సంతకం. ఏ తొమ్మిదేళ్లవాడికి సంతకంతో పని? అది వేలిముద్ర వేసి వేసి సిగ్గుపడిన మొగవాడి పుస్తకం.

ముసలి గైడుకి చెప్పాను. మోకాలు బాగై వచ్చి అప్పటికి వాకిలి దగ్గర టికెట్లు ఇస్తున్నాడు. ఆయన నవ్వలేదు. "అటకమీద పెట్టెలో ఒక కాగితం ఉంది" అన్నాడు. తోళ్లు శుద్ధి చేసే కార్ఖానాలో పనికి కుదిరిన ఒప్పందం. ఈ పేరే, ఈ ఊరే, వయసు పంతొమ్మిది. సంతకం చేయాల్సినచోట శిలువ ఆకారంలో రెండు గీతలు, చుట్టూ వేరే ఎవరో రాసిన మాట: "ఇతని గుర్తు." చైర్మన్ తన పుస్తకంలో దాన్ని ఒక్క వాక్యంతో తేల్చేశాడు. అది అదే పేరున్న వేరే మనిషిదట.

నేనూ డైరెక్టరమ్మా కలిసి ఆయన దగ్గరికి వెళ్లాం. ఇంగ్లీషులో జరిగిన మాటలు నాకు గుర్తున్నట్టు రాస్తున్నాను.

"మీరు చదవడం నేర్చుకున్నందుకు సంతోషం. చరిత్ర నేర్చుకోవడం వేరు" అన్నాడు.

"నేను చెప్పేది చరిత్ర కాదు సార్, చేతిరాత. అది నా చేతిలో ఉంది."

"కార్డు ఉన్నట్టే ఉంటుంది. స్క్రిప్ట్ ఉన్నట్టే చెప్పండి. లేదంటే ఇంకొకరు చెబుతారు."

స్క్రిప్ట్ ఉన్నట్టే చెప్పాను. ఆరు నెలలు. ఇది నా తప్పుల్లోకెల్లా పెద్దది, బట్టల పద్దు దీని ముందు ఎంత? అప్పుడు తెలియక చెప్పాను, ఇప్పుడు తెలిసి చెప్పాను. పని మీద ప్రేమతో చెప్పానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. పచ్చిగా చెప్పాలంటే భయం.

ఆపైన ఒక శనివారం మా లైబ్రరీ క్లాసు మొత్తం మ్యూజియానికి వచ్చింది. పదకొండు మంది, చెప్పే ఆవిడ కాక. హోటల్లో పక్కలు మార్చేవాళ్లు ఇద్దరు, ఓక్ ట్రీ రోడ్డులో రొట్టెలు వత్తే గుజరాతీ ఆవిడ, హైతీ నుంచి వచ్చిన అమ్మమ్మ, ఇళ్లకు కప్పులు వేసే గ్వాటెమాలా ఆయన, ఇంకా కొందరు. ఆ కప్పులాయన అప్పటికే రెండు మంగళవారాలు మానేశాడు. మూడోది మానేసినవాళ్లు ఇక రారు, అలా పోయినవాళ్లను నేను చూశాను. క్లాసు చెప్పే ఆవిడ ఆయనకు ఫోన్ చేసి బతిమాలి తీసుకొచ్చింది. చైర్మన్ కూడా ఆ రోజే ఇద్దరు అతిథులను వెంటబెట్టుకుని వచ్చి హాల్లో నిలబడ్డాడు.

ఆఫీసు గదిలోకి వచ్చాం. నేను నోరు తెరిచేలోగా కప్పులాయన కార్డు మీదికి వంగాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివాడు. క్లాసంతా ఊపిరి బిగబట్టి విన్నారు. "వయసు... తొమ్మిది." చదివినందుకు గుజరాతీ ఆవిడ చప్పట్లు కొట్టబోయింది.

"నాకు యాభై రెండు" అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు. నోటుబుక్కు చంకలో పెట్టుకుని గుమ్మం వైపు జరిగాడు.

ఆ గుమ్మం దాటితే ఆయన మంగళవారం రాడు. ఆపితే నాకు శనివారం లేదు.

"ఆగండి. ఆ కార్డు తప్పు" అన్నాను.

చైర్మన్ గదిలోకి వచ్చాడు. "దయచేసి స్క్రిప్ట్ ప్రకారం చెప్పండి."

"స్క్రిప్ట్ మీ ముందే చదివాను సార్. చదివాకే చెబుతున్నాను, తప్పు." క్లాసు వైపు తిరిగాను. "మీలో మొదట సొంత పేరు రాయడం నేర్చుకున్నవాళ్లు చేతులెత్తండి."

పదకొండు చేతులు లేచాయి.

"మీ ఇంట్లో తొమ్మిదేళ్ల పిల్లలు ఏడేసి పేజీలు సంతకం రాస్తారా?"

"నా మనవడు రాక్షసబల్లి బొమ్మలు వేస్తాడు, గోడల మీద" అంది హైతీ అమ్మమ్మ.

"ఇది మీ ఊహ" అన్నాడు చైర్మన్.

"తోళ్ల కార్ఖానా కాగితం మీద గుర్తు కూడా ఊహేనా?"

"అది వేరే మనిషి అని చెప్పాను."

"ఆ వేరే మనిషి ఎక్కడ పుట్టాడు సార్? ఏ ఇంట్లో ఉన్నాడు? ఏ సమాధిలో పెట్టారు? ఒక్కటి చూపించండి, ఇప్పుడే మీకు క్షమాపణ చెబుతాను."

డైరెక్టరమ్మ గుమ్మంలో ఉంది. నేల చూసింది, నన్ను చూసింది, చివరికి ఆయన్ని చూసింది. "వేరే మనిషి మనకు ఎక్కడా దొరకలేదు. నేనూ వెతికాను" అంది.

చైర్మన్ ముఖం ఎర్రబడింది. అరవలేదు, పెద్దమనిషి. "ఇదే మీ చివరి టూర్" అన్నాడు.

"మంచిది. ఇంకా అయిపోలేదు. పైన రెండు గదులున్నాయి."

ఆయన హాల్లోకి వెళ్లి మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు. నేను ఆయన ముందుకు వెళ్లి ఆగాను. నా వెనక పదకొండు మంది ఆగారు. మా వరస కదలకుండా నిలబడటంలో ఆరితేరిన వరస. కాసేపటికి ఆయనే పక్కకు తప్పుకున్నాడు. అందరికంటే ముందు మెట్లెక్కింది కప్పులాయన. ఎక్కుతూ పైకప్పు వైపు చూసి, "ఈ దూలం మార్చాలి" అన్నాడు.

పై గదిలో వాళ్లకు మంగలి షాపు పేజీ చదివి వినిపించాను. నెమ్మదిగా, వేలు పెట్టి. చదవడం అయ్యాక హోటల్లో పనిచేసే అమ్మాయి అడిగింది: "మరి తన సంగతి ఆయన ఎందుకు చెప్పలేదు?"

ఆ ప్రశ్నకు జవాబు అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతాను. సిగ్గు. ఎన్నికల్లో ఎదుటివాళ్లు వేలెత్తి చూపిస్తారని. ఆయన్ని తప్పుపట్టను అని రాయబోయాను. కాదు, పడతాను. సభలో పేదపిల్లల కోసం గొంతు చించుకున్న మనిషి ఒక్కరోజు లేచి, "నాకు పంతొమ్మిదేళ్లకు నా పేరు రాయడం రాదు" అని ఉంటే, ఆ రాష్ట్రంలో ఎంతమంది పెద్దవాళ్లు పలక పట్టేవాళ్లు! తన సిగ్గును తీసుకెళ్లి నవలలో దుర్మార్గుడికి తొడిగాడు. నేనూ అన్నేళ్లు నా సిగ్గు అలాగే దాచుకున్నాను, కాకపోతే నవల రాయలేదు.

కప్పులాయన ఆ మంగళవారం క్లాసుకు వచ్చాడు. తర్వాతి మంగళవారమూ వచ్చాడు.

నాకు ఉత్తరం వచ్చింది. సేవలకు కృతజ్ఞతలు, ఇక అవసరం లేదు అని. నన్ను తీసేసిన ఉత్తరం ఎవరి సాయమూ లేకుండా నేనే చదువుకున్నాను. చదివి ఫ్రిజ్ మీద అంటించాను.

"అక్కా! చుట్టాలొస్తే చూస్తారే!" అంది చెల్లెలు.

"చూడనీ. చదువుకున్నవాళ్లేగా."

మరిది ఫ్రిజ్ ముందు నిలబడి మొత్తం చదివాడు. "వదినా, లెటర్ నీట్‌గా ఉంది. ఫ్రేమ్ కట్టిద్దామా?" అన్నాడు. ఆ రాత్రి బిర్యానీ వాడే వండాడు. బాగా రాలేదు, తిన్నాం.

డైరెక్టరమ్మ ఉద్యోగం పోలేదు. ఏడాది తర్వాత ఆవిడ పోరగా పోరగా ఆ కార్డు మార్చారు. ఇప్పుడు దాని మీద, "రాసిన వయసు తెలియదు" అని ఉంది. ఆవిడ ఫోన్ చేసి, "ఇంతవరకే చేయగలిగాను" అంది. ఆవిడ చేసింది చిన్న పని కాదు. కానీ తెలియదు అంటే ఎవరికి తెలియదు?

అందుకే నేను ఇప్పటికీ వెళ్తాను. టికెట్ కొనుక్కుని వెళ్తాను. కొన్నవాళ్లను వెళ్లగొట్టడానికి వీల్లేదు, ముసలి గైడు రూలు చూసి మరీ చెప్పాడు. గుంపుతో పాటు ఆఫీసు గదిలోకి వెళ్లి, కార్డు పైకి చదువుతాను. చదివి, "తెలుసు. పంతొమ్మిది దాటింది" అంటాను. పోయినసారి కొత్త గైడు, కాలేజీ పిల్ల, మర్యాదగా నా దగ్గరికి వచ్చి, "మేడమ్, ప్రశ్నలుంటే చివర్లో అడగొచ్చు" అంది.

"ప్రశ్న కాదమ్మా, జవాబు" అన్నాను.